మైలుతుత్తము - మలెనాటి పోకతోట

1882వ సంవత్సరపు శరత్కాలమున ఫ్రాన్సు దేశమందలి మెదోక్ ప్రాంతమున, బోర్డో విశ్వవిద్యాలయాచార్యుడు మిలార్దే ద్రాక్షతోటల నడుమ పోవుచు ఒక వింతను గమనించెను. అమెరికా తీగెలతోపాటు వచ్చిన బూజుతెగులు వలన తోటలన్నియు ఆకురాల్చి యుండగా, బాటప్రక్క వరుసలు మాత్రము పచ్చగా నిలిచియుండెను. బాటసారులు పండ్లు దొంగిలింపకుండుటకై రైతులు ఆ వరుసలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లియుండిరి. దొంగలను బెదరించుటకు చల్లినది తెగులునకు మందైనది. మిలార్దే ప్రయోగములు జరిపి 1885లో ఫలితములను ప్రకటించెను. అదియే బోర్డో మిశ్రమము.

పాతికేండ్లు గడచిన పిమ్మట ఈ నీలి ద్రవము మైసూరు సంస్థానపు మలెనాడునకు చేరినది. అచట పోకతోటయే అనేక కుటుంబములకు జీవనాధారము. నైరృతి వానలు విడువక కురిసినచో కాయలు కుళ్లి, పచ్చివిగానే రాలిపోవును. తెగులు మొవ్వునకు పాకినచో చెట్టే చచ్చును. కన్నడిగులు దీనిని ‘కొళెరోగ’ మందురు. కొళె యనగా కుళ్లు. రైతులు ఊరక కూర్చుండలేదు. వానలకు ముందే గెలలకు పోకపట్టలతో తొడుగులు కట్టుచుండిరి. ఆకాశమునంటు చెట్లనెక్కి గెలగెలకును తొడుగు కట్టుటలోని శ్రమ ఇంతింత యనరాదు.

1908లో కెనడా దేశీయుడగు లెస్లీ కోల్‌మన్ సంస్థానపు శాస్త్రజ్ఞుడుగా వచ్చెను. ఆయన ఈ రోగమునకు మూలము ఫైటాఫ్తొరా జాతి శిలీంధ్రమని గుర్తించి, 1910లో తన పరిశోధనను ప్రచురించెను. బోర్డో మిశ్రమమును గెలలపై చల్లి రోగమును అరికట్టు పద్ధతి ఆయన కృషివలన మలెనాట వ్యాపించెను.

పాళ్లు సులభమే: 100 లీటర్ల నీటికి తుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో. వేరువేరుగా కరగించి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయవలెను. తుత్తము ఒంటరిగా ఆకును మాడ్చును. సున్నము దాని తీక్ష్ణతను అణచును. శుభ్రమైన ఇనుపకత్తిని ముంచినపుడు ఎర్రని పూత పట్టినచో సున్నము చాలలేదని అర్థము. వానలకు ముందొకసారి, 40-45 దినములకు మరొకసారి చల్లుట నేటికిని ఆచారము. మందు కాయపై ముందుగా నుండవలెను. కుళ్లిన కాయను అది బ్రతికింపజాలదు.

అయితే రాగి నశించునది కాదు. ఏటేట చల్లినది నేలలో పేరుకొని, వానపాములకును సూక్ష్మజీవులకును కీడు చేయును. అందువలననే ఐరోపా సమాఖ్య 2018లో హెక్టారుకు ఏడేండ్లలో 28 కిలోల రాగికి మించరాదని కట్టడి చేసినది. తండ్రి తోటను కాచిన మందే కొడుకు నేలకు భారము కాకుండుటకు, చల్లువాని చేతికి కొలత తెలియవలెను.