వెనుక తెర కథ

పొట్ట చేత పట్టుకొని బెంగుళూరు వచ్చిన మన తెలుగు కుటుంబాలలో, ఇల్లు ఎంత ఇరుకైనదైనా, గోడకు ఒక పాత ఫోటో తప్పక ఉంటుంది. తాతగారు తలపాగాతో కుర్చీలో కూర్చుని ఉంటారు. అవ్వ పక్కన నిలబడి ఉంటుంది. వారి వెనుక పాలరాతి మెట్లు, స్తంభాలు, పూలకుండీలు కనబడతవి. ఒకనాడు మా చిన్నది ఆ ఫోటో చూచి, "జేజినాయన రాజుగారా?" అని అడిగినది. మా తాతగారికి ఉన్నది మూడెకరాల వేరుశనగ చేను మాత్రమే. ఆ మెట్లు స్టూడియోవారి గుడ్డ తెర మీద రంగులతో వేసినవి. చిన్నదానికి చెప్పిన సమాధానమే కొంచెము పెంచి, నేడు ఆకుపచ్చ గుడ్డగా మారిన ఆ వెనుక తెర కథను ఈ సంచికలో సోదర సోదరీమణులకు మనవి చేసికొనుచున్నాము. మా చదువు మెట్రిక్ వరకే. మా ఉద్యోగము రైల్వే గుమాస్తాగిరి. తప్పులున్న మన్నింతురు గాక.

ఫోటో తీయు విద్య 1839లో పారిస్ నగరములో లోకానికి వెల్లడి అయినది. మన తెలుగుదేశములో ఆ విద్యకు గొప్ప పేరు తెచ్చినవారు రాజా దీన్ దయాళ్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకులు. సికింద్రాబాదులో స్టూడియో నడిపినారు. ఘోషా స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ప్రత్యేకముగా జనానా స్టూడియో కూడ పెట్టినారు. ఆ కాలపు స్టూడియోలలో ఫోటో తీయించుకొనువాడు బొమ్మవలె కదలక కూర్చుండవలసి వచ్చేది. వెలుతురు కొరకు పైకప్పుకు అద్దాలు వేసేవారు. వెనుక రంగుల తెర కట్టేవారు. రైతైనా, గుమాస్తా అయినా ఆ ఒక్క క్షణము రాజభవనములో ఉన్నట్లే. తరువాత ఇదే ముచ్చట జాతరలకు ఎక్కినది. అట్ట విమానములో తల దూర్చి ఫోటో తీయించుకొన్నవారు మన పెద్దలలో ఎందరో ఉన్నారు.

తెరలతో మాయ చేయుట మన నాటకాలవారికి కొత్త గాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామములో వనారస గోవిందరావుగారు 'కీచక వధ' ఆడించినారు. నాటి నుండి సురభివారు తెరలు లేపుతూ, దించుతూ అడవిని కోటగాను, కోటను స్వర్గముగాను మార్చి చూపినారు. మన ఈ బెంగుళూరుకు దగ్గరనే ఉన్న గుబ్బిలో 1884లో పుట్టిన గుబ్బి కంపెనీ కూడ అట్టి వైభవానికే ప్రసిద్ధి.

అయితే తెర వేరు, నేడు మనము వాడు పచ్చగుడ్డ వేరు. తెర మీద బొమ్మ ముందే ఉంటుంది. పచ్చగుడ్డ మీద ఏమియు ఉండదు; బొమ్మను తరువాత చేర్చవలెను. ఈ ఉపాయానికి మూలము నల్లగుడ్డ. ఫ్రాన్సు దేశములో జార్జి మెలియే అను ఇంద్రజాలికుడు 1898లో తన తలను తీసి బల్లమీద పెట్టినట్లు, అట్టి తలలే మరికొన్ని పక్కన ఉన్నట్లు ఒక చిన్న సినిమా తీసినాడు. నలుపు ఉన్నచోట ఫిల్ము మీద వెలుగు పడదు. ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. ఫిల్మును వెనుకకు చుట్టి, ఆ ఖాళీలో మరల ఇంకొక బొమ్మను పట్టవచ్చును.

మన తెలుగు సినిమాలో ఇట్టి కెమెరా విద్యకు మార్కస్ బార్ట్‌లే గారిది పెద్దపీట. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) రెండింటికీ దర్శకులు కె. వి. రెడ్డిగారు, కెమెరా బార్ట్‌లే గారు. ఘటోత్కచుని ముందర లడ్లు వాటంతట అవి కదులుట, పడవ పాటలోని ఆ చల్లని వెన్నెల నేటికీ మన పిల్లలు నోరు తెరచి చూస్తారు. 1961లో రామారావుగారు దర్శకత్వము వహించిన 'సీతారామ కల్యాణము'లో రావణుని పది తలలు చూపిన కెమెరా రవికాంత్ నగాయిచ్ గారిది. అప్పటికి కంప్యూటరు లేదు. కటకానికి మరుగు కట్టి, ఒకే ఫిల్మును మరల మరల తిప్పి, లెక్క తప్పకుండ పని చేయవలెను. ఒక్కచోట తప్పిన మొదటికి రావలసినదే. లెడ్జరులో కూడిక తప్పినవారికి ఆ బాధ తెలుసును!

కదలని మనిషికి మరుగు కట్టవచ్చును గాని, పరుగెత్తు మనిషికి ఎట్లు? మనిషితోపాటు కదలు మరుగు కొరకు అమెరికాలో ఫ్రాంక్ విలియమ్స్ 1918లో పేటెంటు పొందినాడు. రంగుల సినిమా వచ్చిన తరువాత, 1940 నాటి 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రములో లారీ బట్లర్ నీలి తెర వాడినాడు. నీలమే ఎందుకనగా, మనుష్యుల ఒంటి రంగులో ఎరుపు పాలు హెచ్చు, నీలము తక్కువ. కనుక నీలమును వేరుచేసి తొలగించిన మనిషి మిగులుతాడు. అయినను వెంట్రుకల అంచులు, పొగ, గాజు సరిగా వచ్చేవి గావు. ఆ చిక్కును విప్పినవాడు పెట్రో వ్లాహోస్. ఆయన పద్ధతి 1959లో 'బెన్ హర్' చిత్రానికి ఉపయోగపడినది.

నీలము పోయి పచ్చ ఎందుకు వచ్చినది? కొడక్ కంపెనీలోని బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతిలో, కెమెరా కన్నులోని ప్రతి నాలుగు గడులలో రెండు ఆకుపచ్చకే ఇచ్చినారు. ఎరుపుకు ఒకటి, నీలానికి ఒకటి. డిజిటల్ కెమెరాలు ఎక్కువగా ఈ పద్ధతినే అనుసరించినవి. అందుచేత కెమెరాకు పచ్చ అన్నిటికన్న తేటగా కనబడుతుంది, దీపాల ఖర్చు కూడ తక్కువ. 1995 నాటి 'అమ్మోరు'తో మన తెలుగు సినిమాకు కంప్యూటరు బొమ్మలు బాగా అలవాటైనవి. 2015లో 'బాహుబలి' వచ్చుసరికి మాహిష్మతి నగరములో చాలా భాగము కంప్యూటరులోనే వెలసినది.

ఇక మా ఇంటి సంగతి. 2020 మార్చి 25 శార్వరి ఉగాది. ఆనాడే దేశమంతట లాక్‌డౌను మొదలైనది. అంతకు మూడు దినముల ముందే ప్రయాణికుల రైళ్లు ఆగినవి. ఏటేటా పండుగకు ఊరికి పోవు మేము, రైల్వేవారమై యుండియు రైలు ఎక్కలేకపోతిమి. అమ్మ ఊరిలో ఒంటరిగా ఉన్నది. చూడబోతే మా సెల్‌ఫోనులో మా ఊరి ఇంటి అరుగు ఫోటో, 2014లో తీసినది, ఉన్నది. మా శ్రీమతి ఆకుపచ్చ నూలు చీరను దండెము మీద పరచి, ముందు మేము నిలబడి, పచ్చడి తినుట వీడియో తీసి, వెనుక ఆ అరుగును చేర్చితిమి.

మొదటిసారి మా చిన్నదానికి నడుము క్రింద ఏమియు లేదు! దాని కొత్త పట్టుపావడా కూడ ఆకుపచ్చే గదా, చీరతోపాటు అదియు మాయమైనది. చీర ముడుతలు అరుగు మీద గీతలవలె కనబడినవి. మా నీడ చీర మీద పడిన చోట మరకలు. అప్పుడు చీర ఇస్త్రీ చేసి, దానికి ఆరడుగులు ముందుకు జరిగి, రెండు ప్రక్కల రెండు దీపాలు పెట్టి, చిన్నదానికి ఎర్ర పావడా కట్టి మరల తీసితిమి. బాగుగా వచ్చినది. వెంటనే అమ్మకు పంపితిమి.

అమ్మ ఫోను చేసి మొదట అడిగిన మాట: "ఏం నాయనా, పండగపూట తోరణం గూడా కట్టలేదా?" మేము కట్టితిమి, మామిడాకులు పచ్చనివి గనుక మాయమైనవి. తరువాత కొంచెముసేపు మాటలేదు. "మీ నాయన కుర్చీ పక్కన నిలబడినావు రా" అన్నది. ఆ అరుగు మీద నాన్నగారి పేము కుర్చీ ఉన్నదని మేము గమనించనేలేదు. నాన్నగారు 2018లో పోయినారు. కుర్చీ కూడ ఇప్పుడు అక్కడ లేదు.

కొన్ని దినములకు అమ్మ, "ఆ కుర్చీలో మీ నాయననూ కూర్చోబెట్టి ఒక ఫోటో చేయరా" అన్నది. మేము తటపటాయించితిమి. చిన్నది పుట్టకముందు తీసిన నాన్నగారి ఫోటోను, చిన్నదాని పక్కన చేర్చుట అబద్ధము గాదా? కాని వేరువేరు ఫోటోలలోని దంపతులను ఒకే పటములో కూర్చిన స్టూడియోవారిని ఎవరు అబద్ధీకులన్నారు? చివరకు చేసితిమి. అయితే పటము వెనుక ఇట్లు వ్రాసితిమి: "నాన్నగారి ఫోటో 2011. అరుగు ఫోటో 2014. మిగిలినవారు 2020. కలిపి చేసినది." అమ్మ ఆ పటము గోడకు తగిలించుకొని, వ్రాసినది కూడ చదివించుకొని, "సరిగానే వ్రాసినావు" అన్నది.

మా మనవి ఇంతే. నేడు గుడ్డ కూడ లేకయే ఫోను వెనుక దృశ్యమును మార్చుచున్నది. రేపు మన మనుమలు ఈ ఫోటోలను చూచియే మన ఊరిని, మన పెద్దలను తెలిసికొందురు. కనుక వేడుకకు తిరుమల కొండనో, గోదావరి గట్టునో వెనుక చేర్చుకొనుడు. కాని ఒక మూలన ఏది నిజము, ఏది చేర్చినది, ఏ సంవత్సరము అని వ్రాసి ఉంచుడు. మా తాతగారి ఫోటో వెనుక కూడ మొన్న వ్రాసితిమి: "మెట్లు స్టూడియోవి. తాతగారు మనవారు."