రేకుకి వంటసోడా, మనిషికి ఇసుక

అల్యూమినియం పడవకి పూత మీద పూత వేస్తూ పోతే, కొన్నేళ్ళకి దాని ఒంటి మీద లోహం కన్నా రంగే ఎక్కువేమో అనిపిస్తుంది. పెచ్చులు లేస్తాయి. పెచ్చు కింద ఉప్పునీరు నిలిచి లోహాన్ని తెల్లటి పొడి చేస్తుంది. దానిమీద మళ్ళీ రంగేస్తే నిలవదు, మొత్తం ఒలిచెయ్యాల్సిందే. చేత్తో గీకితే రోజులు పడుతుంది కాబట్టి కంప్రెసర్ గాలితో ఇసుకలాంటి రేణువుల్ని కొట్టి ఊడగొడతారు. శాండ్ బ్లాస్టింగ్ అంటే ఇదే. దీని చరిత్ర చదువుతున్నప్పుడు నన్ను వదలని ప్రశ్న ఒకటే: ఆ రేణువుని ఎవరి మేలు చూసి ఎంచుకున్నారు?

1870లో ఫిలడెల్ఫియాకి చెందిన బెంజమిన్ టిల్‌మన్ ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో అధికారి. ఎడారి గాలికి ఎగిరే ఇసుక కిటికీ అద్దాల్ని గరుకు చెయ్యడం చూసి అతనికీ ఆలోచన వచ్చిందని ఒక కథ. బావుంది కాబట్టి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఇంకో సంగతి గుర్తుండిపోయింది. ఆ యుద్ధంలో పోయిన సైనికుల సమాధులకి వెర్మాంట్ నుంచి వెళ్ళిన ఎన్నో పాలరాళ్ళ మీద పేర్లు తేల్చింది ఈ ఇసుక దెబ్బే.

పోత ఇనుముకి, ఉక్కుకి ఇసుక సరిపోయింది. అల్యూమినియం వేరు. అది పడవల్లోకి వచ్చిన తీరే గమ్మత్తుగా ఉంటుంది. 1895లో అమెరికాస్ కప్ గెలిచిన ‘డిఫెండర్’ అనే తెరచాప పడవకి చట్రం ఉక్కుది, నీటికింద భాగం కంచుది, పైభాగం అల్యూమినియంది. ఉప్పునీళ్ళలో మూడు లోహాలు పక్కపక్కన పెడితే అది పడవ కాదు, బ్యాటరీ. కరిగిపోయేది అల్యూమినియమే. 1901లో దాన్ని విప్పి ముక్కలు చేసేశారు. తర్వాత, రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు తయారుచేసిన గ్రుమ్మన్ కంపెనీ 1945లో అల్యూమినియం రేకుతో కనూలు చెయ్యడం మొదలుపెట్టాక ఈ పడవలు మామూలు జనం చేతుల్లోకి వచ్చాయి. విమానాల రేకుకి పూసే పసుపుపచ్చ ప్రైమర్, జింక్ క్రోమేట్, పడవలకీ అలవాటైంది.

ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7. అల్యూమినియంది 3 కన్నా కాస్త తక్కువ. ఒత్తిడి ఎక్కువైతే రంగుతోపాటు రేకూ పోతుంది, పల్చటిదైతే వంకర తిరుగుతుంది. ఉక్కు రవ్వ వాడితే ఇనుప ముక్కలు గుచ్చుకుని తుప్పు చుక్కలవుతాయి. అందుకని సున్నితమైనవి వెతికారు: గాజు పూసలు, వాల్‌నట్ పెంకుల పొడి, ప్లాస్టిక్ రేణువులు, చివరికి వంటసోడా. 1980ల్లో స్వేచ్ఛాప్రతిమని బాగుచేసినప్పుడు లోపలివైపు రాగిరేకుకి పట్టిన తారుని వదిలించింది సోడాతోనే. మనం బజ్జీల పిండిలో చిటికెడు వేస్తాం చూడండి, అదే.

రేకు మీద ఇంత దయ. మరి పైపు పట్టుకున్న మనిషి? క్వార్ట్జ్ రేణువు దెబ్బకి పగిలి కంటికి కనపడని పొడి అవుతుంది. ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే మచ్చ కడుతుంది. దాని పేరు సిలికోసిస్, మందు లేదు. బ్రిటన్ 1949లోనే బ్లాస్టింగ్‌కి ఇసుక వాడొద్దంది. అమెరికాలో నియోష్ సంస్థ 1974లో నిషేధించమని సిఫార్సు చేసింది. అయినా దేశమంతటా నిషేధం రాలేదు, ధూళికి పరిమితులు పెట్టి ఊరుకున్నారు. ప్రతిమకి సోడా దొరికింది ఆ సిఫార్సు తర్వాత పదేళ్ళకి. ఇదేదో పాతకాలం సంగతి అనుకోకండి. టర్కీలో కొత్త జీన్స్‌ని పాతబడినట్టు కనిపించేలా చెయ్యడానికి ఇసుక కొట్టిన కుర్రాళ్ళు ఇదే జబ్బుతో చనిపోయాక, 2009లో గానీ అక్కడ ఆ పని ఆపలేదు. ఆ ప్యాంట్లు తొడుక్కున్న తరం మనదే.

ఇప్పుడు ఇసుక బదులు వాడేవాటిలో గార్నెట్ ఒకటి. ఇది మనకి పరాయిది కాదు. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా తీరపు ఇసుకలో ఇల్మెనైట్, సిల్లిమనైట్‌లతో పాటు గార్నెట్ కూడా ఉంది. నవరత్నాల్లోని గోమేధికం దీని బంధువే. (ఆ తీరంలో తవ్వకాల గొడవ వేరే వ్యాసం అవుతుంది.) గట్టిదనంలో క్వార్ట్జ్‌కి తీసిపోదు గానీ ఇందులో విడి సిలికా చాలా తక్కువ. సన్నరకం తీసుకుని ఒత్తిడి తగ్గించి కొడితే అల్యూమినియమూ తట్టుకుంటుంది.

కానీ రేణువు మంచిదైతే సరిపోదు, ఊడేదేమిటో కూడా చూడాలి. రేకుని అన్నేళ్ళు కాపాడిన జింక్ క్రోమేట్‌లో ఉన్నది క్యాన్సర్ తెచ్చే రకం క్రోమియం. పాత రంగుల్లో సీసం కూడా ఉండొచ్చు. పడవకి అంటుకుని ఉన్నంతకాలం బాధ లేదు, దాన్ని పొడి చేసి గాల్లో కలిపేది బ్లాస్టింగే. అందుకే ముందు పాత రంగుని పరీక్ష చేయించాలి. చుట్టూ టార్పాలిన్ కట్టాలి, పనివాడి హెల్మెట్‌లోకి బయటినుంచి మంచి గాలి పైపుతో అందాలి, రాలిన పొడిని ఊడ్చి నీళ్ళలోకి తొయ్యకుండా సంచులకెత్తాలి. ఒంటిమీది బట్టలు అక్కడే విడిచి, స్నానం చేసి మరీ ఇంటికెళ్ళాలి. ఇంట్లో పిల్లలు ఎదురొచ్చి నాన్న చొక్కాకే కదా మొహం ఆనిస్తారు.