జర్మనీలో హైడ్రోజన్ రవాణా: వాయునౌక నుంచి లారీ దాకా

జర్మనీలో హైడ్రోజన్ రవాణా నేలమీద కాక ఆకాశంలో మొదలైంది. 1900 జూలై 2న కాన్‌స్టాన్స్ సరస్సు మీదుగా ఫెర్డినాండ్ ఫాన్ జెప్పెలిన్ తొలి వాయునౌక పైకి లేచినప్పుడు ఆ వాయువు ఇంధనం కాదు, గాలికంటే దాదాపు 14 రెట్లు తేలిక కావడంవల్ల నౌకను పైకెత్తే సాధనం మాత్రమే. మంట అంటని హీలియంతో నింపాలని రూపొందించిన హిండెన్‌బర్గ్ నౌకలో, అమెరికా ఆ వాయువు ఎగుమతిని కట్టడి చేయడంతో చివరికి హైడ్రోజన్‌నే నింపవలసి వచ్చింది. 1937 మే 6న లేక్‌హర్స్ట్‌లో దిగబోతూ అది తగలబడి, నేలమీద ఉన్న ఒక వ్యక్తితో కలిపి 36 మందిని బలిగొన్నది. ఆశ్చర్యమేమంటే అదే ఏడాది హైంకెల్ కర్మాగారంలో హాన్స్ ఫాన్ ఒహైన్ తన తొలి జెట్ ఇంజన్‌ను నడిపి చూసింది హైడ్రోజన్‌తోనే, ఎందుకంటే ద్రవ ఇంధనం దానిలో నిలకడగా మండే ఉపాయం అప్పటికింకా చిక్కలేదు. మరుసటి ఏడాదే రూర్ ప్రాంతపు రసాయన కర్మాగారాల నడుమ హైడ్రోజన్ గొట్టపు మార్గం పనిలోకి వచ్చింది. కాబట్టి జర్మన్ పరిశ్రమకు ఈ వాయువు కొత్త కాదు. దానిని బండిలో ఎక్కించుకుని తిరగడమే కొత్త.

ఆ పని ఎంత కష్టమో ఒక లెక్క చెబుతుంది. కిలో హైడ్రోజన్‌లో సుమారు 33 యూనిట్ల శక్తి, అంటే కిలో పెట్రోలులో ఉన్నదానికి రెండున్నర రెట్లకు పైగా, ఉంటుంది. కానీ మామూలు పీడనంలో ఆ ఒక్క కిలో సుమారు 11 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కనుక దానిని వాతావరణ పీడనానికి 350 లేదా 700 రెట్ల ఒత్తిడితో సిలిండర్లలో కుక్కాలి, కాదంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచి ద్రవంగా మార్చాలి. వాడకంలోనూ రెండు దారులున్నాయి: పెట్రోలులాగా ఇంజన్‌లో మండించడం ఒకటి, ఇంధన ఘటంలో, అంటే హైడ్రోజన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో మంట లేకుండా కలిపి కరెంటు పుట్టించి నీటిని మాత్రమే బయటికి వదిలే పరికరంలో, వాడుకోవడం మరొకటి. ఈ రెండో దారికి మూలమైన సూత్రాన్ని జర్మనీలో పుట్టిన క్రిస్టియన్ షోన్‌బైన్ 1838లోనే గమనించాడు.

బవేరియాకు చెందిన బీఎండబ్ల్యూ మొదటి దారి పట్టింది. 1979 నుంచి సాగిన ప్రయోగాల పంటగా 2006లో వెలువడిన హైడ్రోజన్ 7 అనే కారు, 12 సిలిండర్ల ఇంజన్‌తో పెట్రోలు మీదా హైడ్రోజన్ మీదా నడిచేది. దాని ట్యాంకులో సుమారు 8 కిలోల ద్రవ హైడ్రోజన్ పట్టేది. ఆ ట్యాంకు గోడల నడుమ ఉన్న శూన్యపు పొర 17 మీటర్ల మందం థర్మోకోల్‌తో సమానంగా వేడిని ఆపుతుందని తయారీదారులు చెప్పుకున్నారు. అయినా కారును ఒక రోజు కదపకుండా వదిలేస్తే లోపలి ద్రవం మెల్లగా ఆవిరై బయటికి పోవడం మొదలయ్యేది, సగం నిండిన ట్యాంకు తొమ్మిది రోజుల్లో దాదాపు ఖాళీ అయ్యేది. ఇంటి ముందు నిలిపితే తన ఇంధనాన్ని తానే తాగేసే ఇలాంటి కారును సంపన్నులకు చూపడానికి వంద చేయవచ్చు; ఊరందరికీ అమ్మడం వేరే మాట. నిజంగా చేసింది కూడా దాదాపు వందే.

రెండో దారిని దైమ్లర్-బెంజ్ ఎంచుకుంది. 1994లో అది చూపించిన నెకార్ 1 అనే వ్యాన్‌లో సామాన్ల చోటంతా ఇంధన ఘటాలు, సిలిండర్లు, పంపులే ఆక్రమించగా డ్రైవరుకూ మరొకరికీ మాత్రమే సీట్లు మిగిలాయి. ఒక ప్రయోగశాలకు చక్రాలు తగిలించినట్లుండేది ఆ బండి. రెండేళ్లకే నెకార్ 2లో సిలిండర్లు కప్పు మీదికెక్కి ఆరుగురికి చోటు దొరికింది. 2003లో యూరప్‌లోని తొమ్మిది నగరాల్లో 27 బస్సులతో సాగిన ప్రయోగంలో హాంబుర్గ్, స్టుట్‌గార్ట్ కూడా చేరాయి. 2006లో ప్రభుత్వం హైడ్రోజన్, ఇంధన ఘటాల జాతీయ ఆవిష్కరణల పథకాన్ని చేపట్టింది. 2015లో ఆరు కంపెనీలు కలిసి హెచ్2 మొబిలిటీని స్థాపించి దేశమంతటా హైడ్రోజన్ బంకులు తెరవసాగాయి. బంకులు వందకు చేరువయ్యాయి కానీ కార్లు రాలేదు. ఈలోగా బ్యాటరీ కార్లు చవకై ముందుకు దూసుకుపోగా, 2020లో దైమ్లర్ హైడ్రోజన్ కారు తయారీని విరమించుకుంది.

ఈ చరిత్రలో నిజంగా ప్రజలెక్కిన ఘట్టం రైలుది. జర్మనీ రైలు మార్గాల్లో సుమారు నలభై శాతానికి విద్యుత్ తీగ లేదు, వాటిమీద ఎక్కువగా డీజిల్ బండ్లే దిక్కు. అల్‌స్టామ్ సంస్థ జాల్జ్‌గిట్టర్‌లో తయారుచేసిన కొరాడియా ఐలింట్, 2018 సెప్టెంబరులో లోయర్ సాక్సనీలోని కుక్స్‌హాఫెన్, బుక్స్‌టెహూడ పట్టణాల మధ్య ప్రయాణికులతో నడిచి, ప్రపంచంలో మొదటి హైడ్రోజన్ ప్రయాణికుల రైలైంది. దాని కప్పు మీద సిలిండర్లు, ఇంధన ఘటాలు. అడుగున బ్రేకు వేసినప్పుడు పుట్టే శక్తిని దాచే బ్యాటరీలు. పొగ గొట్టం ఉండవలసిన చోటునుంచి ఆవిరి వెలువడేది. 2022లో అక్కడి 14 రైళ్లకు బ్రెమర్‌ఫోర్డెలో బంకు తెరిచారు. అదే ఏడాది సెప్టెంబరులో ఒక రైలు మధ్యలో ఎక్కడా నింపుకోకుండా 1,175 కిలోమీటర్లు పరుగెత్తింది. మన దేశంలో హర్యానాలోని జింద్, సోనీపత్‌ల మధ్య తలపెట్టిన హైడ్రోజన్ రైలు పని హైదరాబాదుకు చెందిన మేధా సర్వో డ్రైవ్స్‌కు దక్కడం ఈ వరసలో గుర్తుంచుకోదగిన విషయం.

అయితే జర్మనీలోనే లెక్కలు తారుమారయ్యాయి. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, కుక్కి, మోసుకొచ్చి, తిరిగి కరెంటుగా మార్చేసరికి మొదటి శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలకు అందుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర టౌనుస్ ప్రాంతంలో 27 హైడ్రోజన్ రైళ్లు నడపాలని 2022 డిసెంబరులో మొదలుపెట్టిన సేవ, బండ్లు సమయానికి అందక తడబడింది. లోయర్ సాక్సనీ రవాణా సంస్థ కూడా, నిర్వహణ ఖర్చు తక్కువని, డీజిల్ బండ్ల స్థానంలో ఇకపై బ్యాటరీ రైళ్లనే తీసుకుంటామని 2023లో ప్రకటించింది. హైడ్రోజన్‌ను తొలిసారి పట్టాలెక్కించిన రాష్ట్రమే ఈ మాట అనడం దానిని తప్పుబట్టడం కాదు, ఖర్చు చూసుకోవడం.

ఆశ ఇప్పుడు దూరప్రయాణపు లారీల మీదికి మళ్లింది. 2023 సెప్టెంబరులో దైమ్లర్ ట్రక్ వారి జెన్‌హెచ్2 లారీ, వోర్త్ నుంచి బెర్లిన్‌కు ఒక్కసారి నింపుకున్న ద్రవ హైడ్రోజన్‌తోనే 1,047 కిలోమీటర్లు ప్రయాణించి చేరుకుంది. ఒకప్పుడు కారును ఓడించిన ద్రవరూపమే ఇది. రోజంతా రోడ్డు మీదే ఉండే లారీకి ఇంధనం ఆవిరైపోయే బాధ అంతగా ఉండదు. అయినా తగినన్ని బంకులు త్వరగా రావడం లేదన్న కారణంతో ఆ సంస్థ 2025లో ఈ లారీల భారీ ఉత్పత్తిని 2030ల ఆరంభానికి వాయిదా వేసింది.