విల్లు వంపు

విలువిద్యలో విల్లును నిట్టనిలువుగా పట్టకుండా దాని పైకొమ్మును కొంత పక్కకు వాల్చి పట్టడాన్ని విల్లు వంపు అంటారు. కుడిచేత్తో అల్లెతాడు లాగే విలుకాడు పైకొమ్మును కుడివైపుకు వాలుస్తాడు; అందువల్ల గురిముల్లు లేని సంప్రదాయ విల్లులో పిడి పక్కనుండే చిన్న గట్టుపై బాణం తన బరువుతోనే జారకుండా నిలుస్తుంది, లక్ష్యం కొమ్ము చాటున పడకుండా కంటికి తెరిపిగా కనిపిస్తుంది.

అయితే మణికట్టును మెలితిప్పి ఈ వంపు తెచ్చుకోవడం తప్పు; ఆ మెలి పిడికి పాకి బాణాన్ని దారి తప్పిస్తుంది. తలను, నడుము పైభాగాన్ని విల్లుతో పాటు అదే కోణంలో వాల్చినప్పుడే కన్ను బాణానికి పైన నిలుస్తుంది, లాగే మోచేయి బాణపు గీతలో ఉంటుంది, లాగిన చేయి ప్రతిసారీ ముఖాన్ని తాకే చోటు, అంటే ఆనిక స్థానం, చెదరదు. కోణం ఎంత అన్నదానికన్నా అది మారకపోవడమే ముఖ్యం. ఎందుకంటే గురి కుదిరాక విల్లు ఎటు వాలితే బాణం అటువైపుకు, కాస్త కిందుగా పడుతుంది.

1938 నాటి 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' చిత్రానికి బాణాలు వేసిన అమెరికా విలుకాడు హోవర్డ్ హిల్ విల్లును వాల్చే వేసేవారు. జపాన్ వారి క్యూదోలో మాత్రం రెండు మీటర్లకు మించిన పొడవుండే యుమి అనే విల్లును నిలువుగానే పట్టి, బాణాన్ని దాని కుడిపక్కన ఎడమచేతి బొటనవేలిపై ఆనిస్తారు.