పాఠం బల్ల దగ్గర సాక్షులు

1903 ఫిబ్రవరి 2న లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో శరీరధర్మశాస్త్రం పాఠం ఒకటి జరిగింది. చెప్పినాయన విలియం బేలిస్. విన్నవాళ్ళు అరవై మంది దాకా వైద్య విద్యార్థులు. బల్ల మీద వెల్లకిలా కట్టేసిన ఓ గోధుమరంగు కుక్క. లాలాజల గ్రంథుల నాడులకు విద్యుత్తు తగిలించి ఫలితం చూపించాలన్నది ఆనాటి పాఠం. అరగంట ప్రయత్నించినా అది కుదరలేదు. చివరికి కుక్కని చంపేశారు. అలాంటి పాఠాలు ఆ రోజుల్లో ఎన్నో జరిగాయి, ఎవరికీ గుర్తులేవు. ఇది మాత్రం చరిత్రకెక్కింది. కారణం, ఆ గదిలో కూర్చుని నోటుపుస్తకాల్లో రాసుకున్న ఇద్దరు స్త్రీలు.

లిజ్జీ లిండ్ అఫ్ హేగ్‌బీ, లీసా షార్టావ్. ఇద్దరూ స్వీడన్ వాళ్ళు. బతికున్న జంతువుల మీద కోత ప్రయోగాలని వ్యతిరేకించాలంటే ముందు ఆ శాస్త్రం తెలియాలని 1902లో లండన్‌లోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. ఆ కాలేజీలో ఇలాంటి ప్రయోగాలు లేవు. కానీ అక్కడి విద్యార్థినులు ఇతర కాలేజీల్లో పాఠాలు వినొచ్చు. విని, చూసి, రాసుకున్నారు. ఆ దినచర్య 1903లో 'ద షాంబుల్స్ ఆఫ్ సైన్స్' పేరుతో పుస్తకమైంది. గోధుమరంగు కుక్క గురించిన అధ్యాయానికి వాళ్ళు పెట్టిన పేరు 'వినోదం'. పాఠం జరుగుతుంటే గదిలో వినిపించిన నవ్వుల్ని తలుచుకుని పెట్టిన పేరది.

బ్రిటన్‌లో అప్పటికే ఓ చట్టం ఉంది. జంతువుల మీద ప్రయోగాలను నియంత్రించేందుకు 1876లో చేసిన చట్టం. దాని వెనక ఫ్రాన్సెస్ పవర్ కాబ్ లాంటి స్త్రీల పోరాటం ఉంది. వైద్య పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో, కళాశాలల్లో ఉపన్యాసానికి దృష్టాంతంగా ప్రయోగం చేయకూడదని, తప్పదంటే ప్రత్యేక ధ్రువపత్రం ఉండాలని, మత్తుమందు ఇచ్చి తీరాలని ఆ చట్టం చెప్పింది. చేతివాటం నేర్చుకోడానికి ప్రయోగాలు చేయొద్దంది. ఒక ప్రయోగానికి వాడిన జంతువుని మళ్ళీ వాడకూడదన్నది కూడా దాని సాధారణ నియమమే. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది. లైసెన్సు ఉన్న శాస్త్రవేత్త మీద కేసు పెట్టాలంటే హోం మంత్రి లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. అంటే తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఇంట్లోవాళ్ళకే ఇచ్చారన్నమాట.

అందుకే స్త్రీల నోట్సు చదివిన న్యాయవాది స్టీఫెన్ కోల్‌రిడ్జ్ కోర్టుకి కాక బహిరంగసభకి వెళ్ళాడు. కుక్కకి సరిగా మత్తు ఇవ్వలేదని అక్కడ ఆరోపించాడు. బేలిస్ పరువునష్టం దావా వేశాడు. నవంబరులో విచారణ జరిగింది. బేలిస్ సహచరుడు ఎర్నెస్ట్ స్టార్లింగ్ బోనెక్కి, అదే కుక్కకి డిసెంబరులో తాను ఒకసారి ఆపరేషన్ చేశానని ఒప్పుకున్నాడు. రెండో కుక్కని బలిపెట్టడం ఇష్టంలేకే అలా చేశానన్నాడు. ఇద్దరు స్త్రీలూ సాక్ష్యం చెప్పారు. మత్తుమందు వాసన తమకి తగల్లేదని, కుక్క కదలికలు స్పృహ ఉన్న ప్రాణి కదలికల్లా ఉన్నాయని అన్నారు. జూరీ అరగంట కూడా తీసుకోకుండా బేలిస్ పక్షాన తీర్పిచ్చింది. కోల్‌రిడ్జ్ 2,000 పౌండ్ల నష్టపరిహారం, ఖర్చుల కింద మరో 3,000 కట్టాల్సి వచ్చింది. 'వినోదం' అధ్యాయాన్ని పుస్తకంలోంచి తీసేశారు.

కుక్కకి స్పృహ ఉందా లేదా అన్నదానికన్నా నన్ను వేధించే ప్రశ్న వేరు. దాన్ని తేల్చవలసింది ఎవరు? స్టార్లింగ్ జవాబులో దయ లేదని అనలేం. ఒక ప్రాణానికి బదులు రెండు ప్రాణాలు పోకూడదనే అనుకున్నాడాయన. కానీ ఆ లెక్క వేసిందీ ఆయనే, నియమం దాటిందీ ఆయనే, అది సబబేనని చెప్పిందీ ఆయనే. బయటనుంచి చూసిన ఇద్దరు స్త్రీల మాట మాత్రం చెల్లలేదు.

తర్వాత కథ వీధిలో నడిచింది. 1906లో శ్రామికులుండే బాటర్సీ పేటలో ఆ కుక్క విగ్రహాన్ని తాగునీటి పంపుతో సహా నిలబెట్టారు. 1902లో ఆ కాలేజీలో ఇలా ప్రాణాలు పోయిన కుక్కలు 232 అని దానిమీద చెక్కారు. వైద్య విద్యార్థులు దాని మీదికి దండెత్తారు. 1907 డిసెంబరులో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పోలీసులతో తలపడ్డారు. ఆ ఆవేశంలోనే మిలిసెంట్ ఫాసెట్ పాల్గొన్న స్త్రీల ఓటుహక్కు సభ మీద పడి కుర్చీలు విరగ్గొట్టారు. కుక్కకీ ఓటుకీ ఏమిటి సంబంధం? వాళ్ళ దృష్టిలో రెండూ ఒకటే: స్త్రీలు తమది కాని చోట నోరు విప్పటం. 1910 మార్చిలో, రాత్రిపూట, 120 మంది పోలీసుల కాపలాలో విగ్రహాన్ని తీసేశారు.

స్త్రీలంతా ఒకవైపే ఉన్నారనుకోవద్దు. తొలితరం వైద్యురాళ్ళలో ఎలిజబెత్ బ్లాక్‌వెల్ ఈ ప్రయోగాలని వ్యతిరేకిస్తే, ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ సమర్థించింది. ఎంతో కష్టపడి వైద్యవిద్యలో అడుగుపెట్టిన స్త్రీకి 'సున్నితమనస్కురాలు' అన్న ముద్ర ఎంత ప్రమాదమో ఆమెకి తెలుసు. ఆ ముద్ర నాకూ తెలుసు. ఇంటర్మీడియెట్‌లో నాది బైపీసీ. ప్రాక్టికల్స్‌లో క్లోరోఫాం ఇచ్చిన కప్పని ట్రేలో గుండుసూదులతో గుచ్చి పెట్టుకున్నాక, దాని కాలు కదిలిందని ఒకమ్మాయి కత్తెర కింద పెట్టేసింది. "ఇంత భయమైతే హోమ్‌సైన్స్ తీసుకోవాల్సిందమ్మా" అన్నారు లెక్చరర్. అందరం నవ్వాం. ఆమె చెప్పింది భయం గురించి కాదు, తన కళ్ళతో చూసిన విషయం గురించి. కాలు కదిలిందా లేదా అని ట్రే దగ్గరకొచ్చి చూసినవాళ్ళు లేరు. ఒక పరిశీలనని భావోద్వేగంగా మార్చేస్తే ఇక దానికి జవాబు చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఈ కథని ముందుకు నడిపిందీ ఒక స్త్రీయే. కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక జంతుహింస నివారణకు ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వం తానే చట్టం తెస్తానంటే వెనక్కి తీసుకున్నారు. 1960లో చట్టం వచ్చింది. దాని 17వ సెక్షన్‌ని సాహిత్య విద్యార్థిగా నేను 1876 చట్టం పక్కన పెట్టుకుని చదివాను. వైద్య పాఠశాలలు, ఆసుపత్రులు, కళాశాలలు అన్న అదే వరస. చేతివాటం గురించిన అదే మాట. తేడా ఒక్కటే. అక్కడ 'చేయరాదు' అని ఉన్నచోట ఇక్కడ 'సాధ్యమైనంతవరకు' వచ్చి చేరింది. పుస్తకాలు, నమూనాలు, సినిమాలు సరిపోయేచోట జంతువుల్ని వాడొద్దనీ ఉంది. ఆ 'సాధ్యమైనంతవరకు' తరగతి గదిలో కరిగిపోడానికి అర్ధ శతాబ్దం పట్టింది. జంతుశాస్త్ర కోర్సుల్లో కోతలని క్రమంగా తగ్గించమని యూజీసీ 2011లో మార్గదర్శకాలిచ్చింది. 2014లో పూర్తిగా ఆపమంది.

మధ్యలో 1998 నియమాలు వచ్చాయి. జంతువులపై ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ నైతిక సంఘం ఉండాలన్నాయి. అందులో శాస్త్రవేత్తలు, పశువైద్యులతో పాటు శాస్త్రవేత్త కాని, సామాజిక స్పృహ ఉన్న సభ్యులొకరు ఉండాలి. ఆ మాట చదివినప్పుడు నాకు హేగ్‌బీ, షార్టావ్ గుర్తొచ్చారు. 1903లో వాళ్ళు పిలవకుండా వెళ్ళి కూర్చున్న చోటే ఇది. ఇవాళ చట్టం ఆ కుర్చీ వేసింది.

కుర్చీ వేయటం వేరు, అందులో కూర్చున్నవారి మాట వినటం వేరు. నెలల తరబడి తయారైన ప్రతిపాదనల కట్ట చేతిలో పెట్టి, గంటలో సంతకం చేయమంటే ఆ కుర్చీ అలంకారమే. "ఈ జంతువు లేకుండా ఈ పాఠం చెప్పలేరా? నొప్పి ఉందో లేదో ఎవరు చూస్తారు? చూసినవాళ్ళు మీకు వ్యతిరేకంగా చెబితే ఎక్కడ రాస్తారు?" అని అడగటానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. అడిగినామెని హోమ్‌సైన్స్‌కి వెళ్ళమనకుండా, ఆమె ప్రశ్నని మినిట్స్‌లో రాస్తే చాలు. అలా రాసిన రోజే ఆ నోటుపుస్తకాలు కోర్టులో గెలిచినట్టు.