గుంటూరు గ్రహణం – సూర్యకాంతి విప్పిన రహస్యం

నక్షత్రాలను మానవుడు తాకి చూడలేడు. వాటి పదార్థాన్ని తెచ్చి ప్రయోగశాలలో పరీక్షించలేడు. ఖగోళ శాస్త్రజ్ఞునికి శతాబ్దాల తరబడి లభించిన ఆధారం ఒక్కటే – అక్కడి నుండి వచ్చే కాంతి. ఆ కాంతి ఏ దిక్కు నుండి వస్తున్నది, ఎంత ప్రకాశంతో వస్తున్నది అన్న రెండు విషయాలను గమనించి, గ్రహగతులను, గ్రహణకాలాలను గణించడంలోనే వేల సంవత్సరాలు గడిచాయి. కాంతి తాను పుట్టిన చోటును గురించి కూడా సాక్ష్యం చెప్పగలదని పందొమ్మిదవ శతాబ్దిలో గాని తెలియలేదు. సూర్యుని విషయంలో ఆ సాక్ష్యాన్ని రాబట్టిన ముఖ్య ఘట్టాలలో ఒకటి తెలుగునేలపై, గుంటూరులో, 1868 ఆగస్టు 18న జరిగింది.

ఆ ఘట్టానికి పూర్వరంగం కొంత ఉన్నది. తెల్లని సూర్యకాంతి అనేక వర్ణాల సమ్మేళనమని న్యూటన్ 1666 ప్రాంతంలో గాజు పట్టకం సహాయంతో నిరూపించారు. జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ 1814లో మరింత శక్తివంతమైన పరికరంతో చూసినప్పుడు ఆ వర్ణపటంలో వందలాది నల్లని గీతలు కనిపించాయి. వాటిలో ప్రధానమైన వాటికి ఆయన అక్షరాలతో పేర్లు పెట్టారు. పసుపు భాగంలోని జంట గీతలకు 'డి' అన్న అక్షరం దక్కింది. అయితే ఆ గీతల అర్థమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. నక్షత్రాల రసాయనిక స్వభావం మానవునికి ఎన్నటికీ అందదని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంట్ 1835లో నిశ్చయంగా వ్రాశారు.

ఇరవై నాలుగేళ్ళలోనే ఆ మాట వీగిపోయింది. 1859లో హైడెల్‌బర్గ్ నగరంలో కిర్కాఫ్, బున్‌సెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ గీతల మర్మాన్ని గ్రహించారు. పొయ్యిలో ఉప్పుకల్లు పడితే మంట పసుపు రంగుకు తిరగడం ప్రతి ఇంటా తెలిసిన విషయమే. ఆ పసుపు రంగు ఉప్పులోని సోడియం మూలకానిది. మండే వాయువులోని ప్రతి మూలకమూ తనకే చెందిన వెలుగు గీతలను ఇస్తుంది. వేడి మూలం నుండి వచ్చే కాంతి కొంత చల్లని వాయువు గుండా ప్రసరిస్తే, సరిగ్గా అవే స్థానాలలో నల్లని గీతలు ఏర్పడతాయి. సూర్యుని 'డి' గీతలు సోడియం గీతల చోటనే ఉన్నవి గనుక సూర్యునిలో సోడియం ఉన్నదని తేలింది. సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో, 15 కోట్ల కిలోమీటర్ల దూరం దాటి వచ్చిన కిరణం తన జన్మస్థాన వృత్తాంతాన్ని మోసుకొని వచ్చిందన్నమాట.

ఇంకొక ప్రశ్న మిగిలి ఉన్నది. సంపూర్ణ సూర్యగ్రహణ వేళ చంద్రబింబపు అంచు చుట్టూ ఎర్రని జ్వాలలు కనిపిస్తాయి. అవి సూర్యునికే చెందినవని 1860 నాటి గ్రహణ ఛాయాచిత్రాలు నిర్ధారించాయి. కాని అవి దేనితో ఏర్పడినవి? ఈ ప్రశ్నకు సమాధానం వర్ణపటదర్శిని ద్వారానే లభించాలి. అందుకు సుదీర్ఘమైన గ్రహణం కావాలి. 1868 ఆగస్టు 18 నాటి గ్రహణచ్ఛాయ పశ్చిమ తీరం నుండి తూర్పు తీరం వరకు దక్షిణాపథాన్ని దాటిపోయింది. ఆ మార్గంలో, నేటి కర్ణాటకలోని జమఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్, వనపర్తిలో మద్రాసు నక్షత్రశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి, మచిలీపట్నంలో ఆ నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్‌సన్ విడిది చేశారు. గుంటూరులో రెండు బృందాలు నిలిచాయి. ఒకదానికి మేజర్ టెన్నెంట్ నాయకులు. రెండవది ఫ్రాన్సు నుండి వచ్చిన పియర్ జాన్సెన్ బృందం. ఆగస్టు వానకారు నెల. ఆ కొద్ది నిమిషాలు మబ్బు కమ్మితే సముద్రాలు దాటి వచ్చిన శ్రమ అంతా వ్యర్థమే.

గుంటూరులో ఆకాశం అనుకూలించింది. అయిదు నిమిషాలకు పైగా సూర్యబింబం పూర్తిగా మరుగుపడింది. జాన్సెన్ తన పరికరాన్ని జ్వాలల వైపు త్రిప్పగా నల్లని గీతలకు బదులు ప్రకాశవంతమైన గీతలు దర్శనమిచ్చాయి. ఆ జ్వాలలు వేడెక్కి వెలుగుతున్న వాయువులని, వాటిలో ప్రధానమైనది హైడ్రోజన్ అని తేలిపోయింది. ఆ గీతల తేజస్సును చూసి ఆయనకు మరొక ఆలోచన స్ఫురించింది. పట్టకం ఆకాశపు సాధారణ కాంతిని అన్ని రంగులలోకీ పరచి పలుచన చేస్తుంది. జ్వాలల కాంతి మాత్రం కొన్ని గీతలలోనే కేంద్రీకృతమై ఉంటుంది. అటువంటప్పుడు గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చును గదా! మరునాడు, ఆగస్టు 19న, పట్టపగలు సూర్యుడు ప్రకాశిస్తుండగానే ఆయన ఆ గీతలను చూశారు. ఈ పద్ధతినే ఇంగ్లండులో నార్మన్ లాకియర్ స్వతంత్రంగా అక్టోబరు 20న సాధించారు. ఇద్దరి వార్తలూ ప్యారిస్ అకాడమీకి ఒకే దినాన అందాయి. వారిరువురి ముఖచిత్రాలతో ఫ్రెంచి ప్రభుత్వం ఒక పతకాన్ని ముద్రించింది.

హీలియం వాయువును గుంటూరులో కనుగొన్నారని తరచు వింటూ ఉంటాము. ఈ మాటలో సత్యం ఎంతో విచారించడం అవసరం. ఆ గ్రహణ సమయంలో పరిశీలకులు కొందరు ఒక పసుపు గీతను చూసిన మాట నిజం. కాని దానిని సోడియం గీతగానే భావించారు. అది 'డి' వద్దగాని, దాని సమీపానగాని ఉన్నదని మచిలీపట్నం నుండి పాగ్‌సన్ నమోదు చేశారు. ఆ చిన్న సందిగ్ధతలోనే కొత్త మూలకం దాగి ఉన్నది. సోడియం జంట గీతల తరంగ దైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు. ఈ గీతది 587.6. ఈ స్వల్ప భేదాన్ని కచ్చితంగా గుర్తించి, ఇది భూమిపై తెలియని మూలకానిదని వాదించినవారు లాకియర్. గ్రీకు భాషలో సూర్యునికి గల 'హీలియోస్' అన్న పేరు మీదుగా దానికి హీలియం అని పేరు వచ్చింది. చాలామంది దానిని నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుండి వెలువడిన వాయువులో అదే పసుపు గీతను చూపిన తరువాత సందేహం తొలగింది. సూర్యుని నుండి ఆ కాంతి భూమిని చేరడానికి పట్టిన కాలం ఎనిమిది నిమిషాల పైచిలుకు. దాని భావం లోకానికి రూఢి కావడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. ఒక్కరికి, ఒక్క ఊరికి మాత్రమే చెందే కీర్తి కాదిది. గుంటూరుకు న్యాయంగా దక్కవలసిన ఖ్యాతి మరొకటి ఉన్నది. గ్రహణం కోసం నిరీక్షించనక్కరలేకుండా సూర్యుని జ్వాలలను అధ్యయనం చేసే మార్గం తొలిసారి తెరచుకున్నది అక్కడే.

వనపర్తిలో గ్రహణాన్ని పరిశీలించిన రఘునాథాచారి 1867లో ఒక చర నక్షత్రాన్ని కనుగొన్నారు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులయ్యారు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిపోనున్నప్పుడు, సామాన్య జనులకు దానిని వివరించే చిన్న పుస్తకాన్ని రచించి భారతీయ భాషలలోనూ వెలువరించారు. శాస్త్రజ్ఞానం ప్రజల భాషలో చేరాలన్న తపన నాటికే ఉన్నదనడానికి ఇది తార్కాణం. మాతృభాషలో బోధించే పాఠశాలలు ఆయనను స్మరించుకోవడం సముచితం.

మద్రాసు నక్షత్రశాల వారసత్వం తమిళనాడులోని కొడైకెనాల్‌కు సంక్రమించింది. సౌరమచ్చలలో వాయువులు ఎటు ప్రవహిస్తున్నవో వర్ణపట గీతల స్వల్ప స్థానచలనాన్ని బట్టి జాన్ ఎవర్‌షెడ్ 1909లో అక్కడే కనుగొన్నారు. ఆ పరంపరకు చెందిన బెంగుళూరు భారతీయ ఖగోళ భౌతిక సంస్థ నిర్మించిన పరికరంతో ఆదిత్య-ఎల్1 నౌక 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరి, 2024 జనవరి 6న తన నిర్ణీత స్థానాన్ని చేరింది. సూర్యబింబాన్ని కప్పి కృత్రిమ గ్రహణాన్ని కల్పించి, దాని చుట్టూ ఉన్న కాంతివలయాన్ని పరిశీలించడమే ఆ పరికరం పని. గుంటూరు గ్రహణాన్ని చూడవచ్చినవారికి లభించినవి కొద్ది నిమిషాలు. వర్ణపటంలో సూక్ష్మమైన భేదాన్ని సైతం ఉపేక్షించక, కచ్చితంగా కొలిచి, నమ్మకం కలిగే వరకు నిరీక్షించిన వారి ఓర్పు వల్లనే ఆ నిమిషాలు సార్థకమయ్యాయి. నేటి విద్యార్థులు ఆ చరిత్ర నుండి నేర్వదగిన పాఠం అదే.