ముత్యాల దీవిలో మంచినీటి విలువ

భద్రాద్రి సీతారాముల కల్యాణంలో ముత్యాల తలంబ్రాలు సమర్పించడం గోల్కొండ నవాబు తానీషా కాలం నుంచి వస్తున్న ఆచారమని ప్రతీతి. హైదరాబాదు నగల వర్తకులు మేలైన సహజ ముత్యాన్ని నేటికీ ‘బస్రా ముత్యం’ అంటారు. పేరు బస్రా రేవుదే అయినా ఆ ముత్యాలు పుట్టినది ఈ గల్ఫ్ సముద్రగర్భంలో. వాటిలో పేరెన్నికగన్నవి మన బహ్రెయిన్ చుట్టూ ఉన్న ఆల్చిప్పల తిన్నెలలో దొరికేవి. ముత్యాలు ధరించినవారి వైభవం చరిత్రకెక్కింది. వాటిని వెలికితీసినవారి బ్రతుకు ఎలా ఉండేదో తెలుసుకుంటే, యంత్రయుగం సామాన్యునికి ఏమిచ్చిందో బోధపడుతుంది.

సెలవురోజున మన కుటుంబాలు విహరించే జల్లాఖ్ తీరం నూరేళ్ల క్రితం చిన్న బెస్తపల్లె. ఆనాడు ఇటువంటి పల్లెలలో సామాన్యులు ఖర్జూరపు మట్టలతో అల్లిన ‘బరస్తీ’ ఇళ్లలో ఉండేవారు. లోతు తక్కువైన నీటిలో మట్టలతో దడి కట్టి, పోటుతో వచ్చి ఆటువేళ చిక్కుకున్న చేపలను పట్టేవారు. చేపలు, ఖర్జూరాలు, మన దేశం నుంచి ఓడలలో వచ్చే బియ్యం వారి ఆహారం. తాగునీటికి బావులు, ఊటలే దిక్కు. సముద్రం అడుగున ఉబికే మంచినీటి ఊటల వద్దకు సైతం మునిగి, తోలుతిత్తులలో నీరు నింపి తెచ్చేవారు. ఖర్జూరపు తోటల తడిలో దోమలు పెరిగి మలేరియా పీడించేది.

వేసవి రాగానే పురుషులు సుమారు నాలుగు నెలలు ముత్యాల వేటకు వెళ్లేవారు. ముక్కుకు బిగింపు, కాలికి రాయి, పైకి లాగే తోడుమనిషి చేతిలో తాడు, ఇవే సాధనాలు. ఊపిరి బిగబట్టగలిగినంతసేపే పని. పడవ నాయకుడైన నఖోదా నుంచి ముందుగా తీసుకున్న సొమ్ము తీరని అప్పుగా మారేది. తండ్రి మరణిస్తే అది కొడుకుపై పడేది. 1920లలో వచ్చిన సంస్కరణలు ఈ అన్యాయాన్ని కొంత అరికట్టాయి. అంతలో జపాను పెంపకపు ముత్యాలు విపణిలోకి వచ్చాయి; 1929 ఆర్థికమాంద్యం తోడై ముత్యం ధర పడిపోయింది.

1932లో జల్లాఖ్‌కు తూర్పున, జబల్ దుఖాన్ కొండ దిగువన, సుమారు 2,000 అడుగుల లోతున చమురు పడింది. గల్ఫ్‌కు అరేబియా వైపున ఇదే మొదటిది. ఆ రాబడితో క్రమంగా విద్యుత్తు, రహదారులు, వైద్యశాలలు, పాఠశాలలు విస్తరించాయి. మలేరియా అణగింది. 1970ల నుంచి సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కర్మాగారాలు వచ్చాయి. నీటికోసం మునిగిన చోట కుళాయి తిప్పితే చాలుననే రోజు వచ్చింది.

మన తెలుగునేల కథ కూడా నీటితోనే ముడిపడి ఉంది. 1832–33లో, నందన నామ సంవత్సరపు కరువులో, ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షకు మించి ప్రాణాలు పోయాయి. కొంత ఉత్తరాన గోదావరి ఏటేటా నిండుగా సముద్రంలో కలుస్తూనే ఉంది. 1847లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు గోదావరి డెల్టాను అన్నపూర్ణగా మార్చాయి.

ఈ రెండు చరిత్రలు చెప్పే నీతి ఒక్కటే. ముత్యాలున్న కాలంలోనూ ఈ దీవికి సంపద ఉంది. నిండైన గోదావరి మనకూ ఉంది. సంపద ఉన్నంత మాత్రాన సామాన్యుని బ్రతుకు మెరుగుపడదు. అది నీరుగా, వైద్యంగా, చదువుగా అతని గుమ్మం చేరాలి. చేర్చేది సాంకేతిక విజ్ఞానం. చేరేలా చూసేది న్యాయబుద్ధి.

దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. మితిమీరి తోడడం వల్ల అధారి వంటి ప్రసిద్ధమైన ఊటలు ఎండిపోయాయి. ఈనాడు మన బిందె నిండాలంటే ఎక్కడో ఇంధనం మండాలి, ఎండలో ఎవరో పనిచేయాలి. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. అభిషేకానికి తెచ్చే కలశంలోని నీటిని మన పిల్లలు ముత్యమంత అపురూపంగా చూడగలిగితే, ఈ చరిత్ర వారికి అర్థమైనట్లే.